మన ఇంటి ఎఫ్

చిలకలగూడ, ఆదివారం

అబ్బా, సలాం. నేను మంచిగనే ఉన్న, పరేషాన్ కావద్దు. ఫోన్‌ల నా మాట నీకు వినబడుతలేదని ఈ ముక్క రాస్తున్న.

నీ గిటార్ పట్టుకొని కార్ఖానా బస్తీల క్లాసుకు పోతున్న గదా. ఇయ్యాల అక్కడ నేర్పే రఘునాథ్ సార్ తీగల మీద ఎఫ్ కార్డ్ పట్టుమన్నడు. చిన్నప్పటి సంది నిన్ను చూసినట్టే, చూపుడు వేలి కొసతోటి రెండో తీగ ఒక్కటే నొక్కి, కింది సన్న తీగను ఖాళీగ ఇడిసిన. "ఇది కొత్తగ నేర్చుకునేటోళ్లు అసలుదానికి బదులు పట్టేది. ఎఫ్‌కు వేలు అన్ని తీగల మీద అడ్డంగ పరవాలె" అన్నడు సార్.

"మా అబ్బ ముప్పై ఏండ్లు పెండ్లిళ్లల్ల వాయించిండు, ఆయనకు రాదా?" అని కొట్లాడిన. సార్ వేలు సాపుగ పరిచి చూపించిండు. దర్వాజ చెక్క కోసేటప్పుడు రంపం తగిలి వంకర పోయిన నీ చూపుడు వేలు అప్పుడు యాదికొచ్చింది, అది గట్ల సాపుగ పడదు గదా.

అమ్మీ మోకాలి నొప్పి ఎట్లున్నది? చెవి మిషన్ పెట్టుకుంటున్నవా, సందూక్ పెట్టెల దాసినవా? పాత తీగలుంటే పారేయకు.

గంటసేపు తిప్పలు పడితే అసలు ఎఫ్ సుత పలికింది. కానీ అమ్మీ రొట్టెలు చేస్తుంటే నువ్వు గడప మీద కూసొని వాయించే పాట దాంతోటి మనదిలెక్క లేదు. ఆ పాటకు నీ పట్టే ఉంచుకుంటున్న.

అమ్మీకి సలాం చెప్పు. వచ్చే నెల వస్తా. నేను వాయిస్తుంటే గిటార్ చెక్కకు అరచెయ్యి ఆనించి కూసో, నీ ఎఫ్ నీకు తెలుస్తది.

నీ బిడ్డ
ఇల్మా