వెలిగారం తూకం

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవెనలు.

ఈ ఉత్తరం ఎగ్గొడదామనే చూశాను. కలంలో సిరా లేదని రెండు రోజులు, కళ్లజోడు కనబడలేదని ఒక రోజు గడిపాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. మేమంతా క్షేమమని మొదలుపెట్టడం నలభై ఏళ్ల అలవాటు. ఈసారి చెయ్యి రాలేదు. మీ అమ్మ వారం రోజులుగా ఆసుపత్రిలో ఉంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ గొలుసు కొక్కెం అతికాను. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇక “అమ్మ మోకాళ్లకు ఇస్తున్న పొడి మా అత్తగారికి కూడా పంపు నాన్నా” అన్నావు. పంపను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను పొట్లం కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. సగం కథల ముగింపు నాకు ఇప్పటికీ తెలియదు. హంతకుడెవరో పంచదారతోపాటు వేరే ఇంటికి పోయేవాడు. అలాంటి చిరుగు కాగితంలోనే, బోరాన్ కీళ్లకు మంచిదని చదివాను. వెలిగారంలో ఉండేది అదే. బంగారం అతకడానికి యాభై ఏళ్లుగా నా బల్ల మీదున్న డబ్బా! గర్వం తలకెక్కింది. త్రాసులో గురిగింజ ఎత్తు తూచి, నీళ్లలో కలిపి మీ అమ్మకు ఇచ్చాను.

“ఎలా ఉందే?”

“కొంచెం నయమేనండీ.”

రెండు గురిగింజలు చేశాను. తర్వాత మూడు. అన్నం సయించలేదు, వాంతులయ్యాయి. వయసు అనుకున్నాను.

డాక్టరమ్మ డబ్బా చూసి, “పెద్దాయనా, ఇది లోహం అతికించేది, తినేది కాదు. మందుగా అమ్మే బోరాన్ అయినా కొద్ది మిల్లీగ్రాములే. మూత్రపిండాలు బాగోలేనివాళ్లు అదీ తీసుకోకూడదు. ఆవిడవి ముందే దెబ్బతిని ఉన్నాయి” అంది. కోలుకుంటుందా అని అడిగితే, పిల్లల్ని పిలిపించుకోమంది.

దాచిన మాట ఇంకొకటుంది. డబ్బా చూపించింది చేర్చిన రోజున కాదు, నాలుగో రోజున. అప్పటిదాకా అడిగిన ప్రతిసారీ “ఏ మందూ వాడలేదమ్మా” అన్నాను. మీ అమ్మ పక్కనే వింటూ నోరు విప్పలేదు. తర్వాత నాతో అంది: “నాకు మొదటినుంచీ నయమనిపించలేదు. మీరంత సంబరంగా తూచి తెస్తుంటే ఎలా చెప్పను?”

నువ్వొకసారి రా. వస్తే ఏదో బాగుపడుతుందని కాదు.

ఈ ఉదయం ఆమె చేతులు వాచాయి. నర్సు ఉంగరం తీయమంది. రాలేదు. ఇంటికి వెళ్లి సన్నరంపం తెచ్చి, నేనే కోసి తీశాను.

ఇట్లు, ఆసుపత్రి వరండా బెంచీ మీదనుంచి,
మీ నాన్న