వంగపండు రంగు కర్టెన్లు

భీమవరం,
12-11-1997.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు సంపూర్ణమ్మకు,

అక్క రత్నమాణిక్యం దీవించి రాయునది. ఇక్కడ అందరి ఒంట్లోనూ బాగానే ఉంది. మొగల్తూరులో మీరంతా కులాసా అని తలుస్తాను. మరిదిగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి. మా అబ్బాయి సీతారామరాజు రొయ్యల చెరువుల మీదే కాపురం పెట్టాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. మంచి కబుర్లు ఇంతే. ఇక అసలు సంగతికొస్తాను. చదివాక ఈ ఉత్తరం దాచెయ్యి, మీ కోడలి కంట పడనివ్వకు. కోడళ్ళంతా ఒకటే.

కొత్త ఇంటి కిటికీలకు కర్టెన్లు కుట్టిస్తానని మా సుప్రజ నెల కిందట మొదలుపెట్టింది. మీ గదికి ఏ రంగు కావాలో మీరే చెప్పండి అత్తయ్యగారూ అంది. నిజం చెబుతున్నాను, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఘోషాలో ఉన్నన్నాళ్ళూ మన గుమ్మాలకు ఏ రంగు పరదా వెయ్యాలో మనల్ని అడిగినవాళ్ళెవరు? ముప్పై ఏళ్ళు ఆ మడ్డి గుడ్డ వెనక కూర్చుని వీధిని చెవులతో విన్నాను. అందుకే ఆలోచించకుండా వంగపండు రంగు అనేశాను. ఈ వయసులో అంత ముదురు రంగేంటని నువ్వు నవ్వుతావు. నవ్వుకో.

కొట్టుకు వెళ్ళి చూసుకుందాం రండి అంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళం బట్టల కొట్టు మెట్లెక్కిందెప్పుడు? తాన్లే ఇంటికి పంపమన్నాను. కొట్టు మనిషి వరండాలో కూర్చున్నాడు, పనిమనిషి తాన్లు లోపలికి తెచ్చింది. ఘోషా పోయి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. పరాయి మగాడు వరండాలో ఉంటే నేను వెనక చీకటి గదిలోనే ఉంటాను. అమ్మ నేర్పినట్టే గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. మందంగా, మెత్తగా, జారుడుగా ఉంది. వంగపండు రంగేనా అని సుప్రజను అడిగాను. అదేనండి అంది. సరే, కొయ్యమన్నాను.

నిన్న టైలరు అచ్చిబాబు కుట్టి తెచ్చి, కడ్డీలకు తగిలించి పోయాడు. స్నానం చేసి వచ్చి చూద్దును కదా, నా కిటికీకి మడ్డి రంగు గుడ్డ! పట్టుకు చూస్తే చేతికి అదే గుడ్డ, అదే మెత్తన. కంటికి మాత్రం పంటబోదెలో బురద. అంటే ఏమైంది? అదే మిల్లు గుడ్డలో ఎవరూ కొనని రంగు నా గదికి తగిలించి, నేనడిగిన రంగు ఇంకెక్కడికో చేర్చింది. పుట్టింటికే చేర్చి ఉంటుంది, వాళ్ళూ కొత్త ఇల్లు కడుతున్నారు.

ఏమ్మా, ఇదేనా వంగపండు రంగు అని అడిగాను. ఆ పిల్ల నా మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూసి, మీకెలా కనిపిస్తోంది అత్తయ్యగారూ అని నన్నే ఎదురు అడిగింది. చూశావా నేర్పు! దొరికిపోయిన మనిషి మాటలు కావూ అవి?

ఇది ఒక్కటే అయితే నీకు రాసేదాన్ని కాదు. పోయిన ఉత్తరంలో రాశానుగా, నా గదిలో బల్బు మార్చి గుడ్డిది పెట్టింది. అడిగితే అదే బల్బండి అంటుంది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ పెన్నూ ఆవిడగారు తెచ్చిందే, ఇంకు నీళ్ళలా ఉంది. వరసలు వంకరగా పోతే నన్ననకు. ఈమధ్య నాకు కొత్తగా పరీక్షలు కూడా పెడుతోంది. ఈ జాకెట్టు ఏ రంగండి, ఆ గోడ మీద కేలండర్లో తారీకు ఎంతండి అంటూ చిన్నపిల్లను అడిగినట్టు అడుగుతుంది. నేను చెప్పగానే మొగుడి వంక చూస్తుంది. మొన్న ఇద్దరూ వంటింట్లో గుసగుసలాడుకుంటూ, ఆవిడ ఒప్పుకోరండి, మెల్లగా తీసుకెళ్ళాలి అనడం నా చెవిన పడింది. ఎక్కడికి తీసుకెళ్ళడం? నేను ఏ మూలకు పోతే వీళ్ళకు తెరిపి?

మాటలు పడి ఉండే వయసు కాదు నాది. నా ఒక్క కిటికీకి నేనడిగిన రంగు గుడ్డ కట్టలేని ఇంట్లో నేనుండను. ఆదివారం మరిదిగారితో చెప్పి కారు పంపు. నా పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంటాను. అత్తను వెళ్ళగొట్టిందని ఊరంతా అంటే అననీ, పడాల్సింది సుప్రజే.

పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు, నీ అక్క,
రత్నమాణిక్యం

తా.క. పైదంతా నిన్న రాసింది. ఈ పొద్దున దొంగతనం రుజువు చేద్దామని అచ్చిబాబుకు కబురుపెట్టాను. గుమ్మం చాటునుంచి అడిగితే, వంగపండు రంగేనండి, అమ్మతోడండి అన్నాడు. వాడికి కూడా నేర్పి పెట్టిందనుకున్నాను. సాక్ష్యానికి నా పెట్టె తెరిచి, మన పెళ్ళిళ్ళకు నాన్నగారు ఇద్దరికీ ఒకే తానులోంచి కోయించిన వంగపండు రంగు పట్టుచీర తీశాను. ఆ రంగు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తీసుకెళ్ళి కర్టెన్ మీద పరిచాను.

సంపూర్ణా, చీర కూడా మడ్డే.

ఆ చీరను సుప్రజ మార్చిందనడానికి లేదు. నలభై ఏళ్ళుగా ఆ పెట్టె తాళంచెవి నా మొలలోనే ఉంది. పాడైంది గుడ్డ కాదే, నా కళ్ళు. బల్బూ అదే, పెన్నూ మంచిదే. వాళ్ళు తీసుకెళ్ళాలన్నది కళ్ళ డాక్టరు దగ్గరికి. అడిగితే నేను మండిపడతానని ఆ పిల్ల భయపడి తిరుగుతోంది.

కారు పంపకు. ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. కానీ పోయిన ఉత్తరంలో ఆ పిల్ల మీద నీకు అంతంత రాశాక, ఇది కూడా నా చేత్తోనే నీకు తెలియాలి. కోడలితో తప్పయిందమ్మా అన్న అత్తను మన ఇళ్ళలో నేను చూడలేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. చీర ఇంకా కిటికీ మీదే ఉంది. సుప్రజను పిలిచాను, వస్తోంది.