సగంలో కడిగేసిన ఎరుపు

చిట్టీ, లేవగానే తలస్నానం చెయ్యకు. నిన్న నాన్న కేకలకి సగంలో కడిగేసుకున్నావు కదా, ఆ రంగు మళ్ళీ వేసుకో. కొత్త డబ్బా బాత్రూం కిటికీలో పెట్టాను. బ్లీచ్ మాత్రం ముట్టుకోకు, ఇంకోసారి పెడితే జుట్టు పీచైపోతుంది. నుదుటి అంచుకీ చెవులకీ కొబ్బరినూనె రాసుకుంటే మరక పట్టదు. చన్నీళ్ళతో కడుక్కో, షాంపూ వద్దు, కండిషనర్ చాలు. నా పాత నైటీతో తుడుచుకో. తెల్ల తువ్వాలు జోలికెళ్ళావంటే ఊరుకోను.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్వు ఏడ్చి ఏడ్చి పడుకున్నావు. "నా ఇంట్లో ఎర్రజుట్టుతో ఎవరూ తిరగడానికి వీల్లేదు" అన్నారట నాన్న. నాకు ఒళ్ళు మండింది. కొట్టు మూసేలోపు పరిగెత్తి రెండు డబ్బాలు తెచ్చాను. రెండోది నాకే. నెరిసిన జుట్టు కదా, బ్లీచ్ అక్కర్లేకుండానే భగ్గున పట్టేసింది.

పొద్దున నాన్న చూసి, "ఈ వయసులో ఇదేం పొయ్యేకాలం నీకు?" అన్నారు. "ఈ ఇల్లు నాది కూడా. తిరుగుతున్నాను, చూడండి" అని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగి చూపించాను. పేపరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇదే తలతో టికెట్ కౌంటర్లో కూర్చోబోతున్నాను. క్యూలో వాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ.

అన్నం హాట్‌ప్యాక్‌లో ఉంది, తిను.

అమ్మ

వెనకవైపు నాకు చెయ్యి అందలేదు, తెల్లగా ఉండిపోయింది. నీ డబ్బాలో రంగు మొత్తం వాడెయ్యకుండా నాకు కాస్త ఉంచు. సాయంత్రం హాల్లో, నాన్న ఎదురుగానే కూర్చుని వేద్దువుగాని.