గోలీయా? కోతా?

7 డిసెంబర్ 1964, సోమవారం. లక్సెట్టిపేట
ఉదయం 7:00. శనివారం కరీంనగర్ డాక్టరు తేల్చి చెప్పాడు. మూత్రసంచి కింద ఉండే గ్రంథిలో క్యాన్సర్. దారులు రెండు. ఒకటి, రోజూ మింగే గోలీలు. రొమ్ములు పెరుగుతాయి, కాళ్లు వాస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ గుండెకు ప్రమాదం. రెండు, వృషణాలు తీసేసే ఆపరేషన్. ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు బలహీనం, ఆ కోరిక ఇక ఉండదు. పోయింది తిరిగి రాదు.

తీర్మానం: ముప్పై ఏళ్లు పోస్టుమాస్టరుగా చేసినవాణ్ని. వారంలో నేనొక్కణ్నే తేల్చుకుంటాను. ఎవరికీ చెప్పను. చంద్రవ్వకు అసలే చెప్పను. కట్టుకున్నది, కంగారుపడుతుంది!

8, మంగళవారం
కాగితం మధ్యలో గీత గీశాను. ఎడమ గోలీ, కుడి కోత. మధ్యాహ్నానికల్లా గోలీ గెలిచింది. ఇంత తేలికా!

9, బుధవారం
గోలీ అంటే చొక్కాలు వదులుగా ఉండాలి. ముందుచూపు! దర్జీ జబ్బార్ దగ్గరికి వెళ్లాను.
"ఛాతీ రెండంగుళాలు ఎక్కువ పెట్టు."
"ఎందుకు సాబ్? కుస్తీకి పోతున్నరా?"
మొత్తం చెప్పేశాను. ఒక్క జబ్బార్‌కు చెబితే చెప్పినట్టు కాదు.

10, గురువారం
నన్ను కన్న బాపు గుండె ఆగే పోయాడు. అయితే కోతే.
11:15. కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాను. గోలీయే.

11, శుక్రవారం
చలి. చలిలో బుద్ధి పనిచేయదు.

12, శనివారం
జబ్బార్ భార్య చాంద్‌బీ చంద్రవ్వ చెవిన వేసింది. చంద్రవ్వ ఏడ్చింది. తర్వాత తిట్టింది.
"రొమ్ములొస్తే ఏందయ్యా? నేను మొయ్యలేదా ఇన్నేండ్లు? గుండె ఆగుతదంటేనే నాకు బుగులు. కోతే చేయిచ్చుకో."
"మగతనం పోతుందే..."
"అరవై నాలుగేండ్లకు గది యాడ దాసినవ్? నాకైతే కనపడలే!"
ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే ఆమె మళ్లీ ఏడ్చింది. నేను కూడా.

13, ఆదివారం
కాగితం కనిపించడం లేదు. వెతకలేదు.

14, సోమవారం. కరీంనగర్
దారిలో మూత్రానికి మూడుసార్లు బస్సు ఆపించాను. ఏది తేల్చుకున్నారని డాక్టరు అడిగాడు. "ఇంకో వారం..." అన్నాను. చంద్రవ్వ నన్ను పక్కకు జరిపింది.
"సారూ, కోసేది ఏ దినం?"
"గురువారం."
"గప్పుడే తోలుకొస్త."

15, మంగళవారం. లక్సెట్టిపేట
ఉదయం 6:00. కొత్త తీర్మానం: గురువారం దాకా ధైర్యంగా ఉంటాను. ఎక్కడికీ పారిపోను. ఈసారి ఖాయం!
6:10. చంద్రవ్వ నా చెప్పులు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.