వెనక స్పీకర్ల వైరు

చిన్నోడా, కారు స్టార్ట్ చేయకు. బ్యాటరీ వైరు నేనే విప్పేశాను.

గొడుగు కోసం వెనక డోర్ తీస్తే కాలిన వాసన వచ్చింది. వెనక స్పీకర్ల కోసం నువ్వు పెట్టిన ఆంప్లిఫయర్ వైరు పొడవునా కార్పెట్ నల్లబడి ఉంది. మెకానిక్ ఫోన్లో చెప్పినట్టు బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ దగ్గర ఆ వైరుకి ఫ్యూజే లేదు. అది చెబితే “ఇంకో రెండ్రోజులైతే పాట బదులు పొగ వచ్చేది టీచరమ్మా” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆంప్లిఫయర్ తీసేయించు. చిన్న స్పీకర్లయితే కారు స్టీరియో పవరే సరిపోతుందట.

నాన్న పోయి నాలుగు నెలలే అయింది. నాకు భయంగా ఉంది.

అమ్మ

వెనక కూర్చునే నాకు పాటలు వినపడాలనే కదా ఇదంతా చేశావు. ముందు సీటు నాన్నదని వెనక్కి వెళ్ళాను. రేపటి నుంచి నీ పక్కనే కూర్చుంటాను.