మీ గుమ్మం ముందు స్కూటరు

ఇన్‌స్పెక్టర్ గారికి,

మా అమ్మాయిని చంపినవాడు దొరకలేదని, ఇక ఫైలు మూసేస్తున్నామని చెప్పి, స్టేషన్‌లో ఉన్న తన స్కూటరు తీసుకెళ్ళమని కబురు పంపారు. నిన్న వచ్చాను.

"పట్టుకుపొండమ్మా, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతోంది," అన్నాడు మీ కానిస్టేబుల్.

ఎదురు షాపు దాకా తోసుకెళ్ళి టైర్లకు గాలి కొట్టించాను. పీడ వదిలిందనుకున్నాడు పాపం. మళ్ళీ తోసుకొచ్చి, సరిగ్గా మీ గుమ్మం ముందే నిలబెట్టి, తాళం వేసుకుని వచ్చేశాను.

ఇంట్లో ఉంటే అది నాకొక్కదానికే కనబడుతుంది. అక్కడుంటే రోజూ మీరందరూ దాని చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళాలి. వెళ్ళండి.

వాణ్ణి పట్టుకున్న రోజున కబురు చేయండి. ఆ బండి నేనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకుంటాను. నాకు నడపడం రాదనుకోండి. మీరు మళ్ళీ వెతకడం మొదలుపెట్టండి, నేను నేర్చుకోవడం మొదలుపెట్టేశాను.

మీ గుమ్మం వదలని,
అమ్మాయి తల్లి