పోయిన కంపు కోసం అర్జీ

9, బోన్ స్ట్రీట్,
స్టోనీ ఫ్లాట్, మెల్‌బోర్న్.
మే 3, 2004

కౌన్సిల్ పెద్దలకు మెర్వ్ డగ్గన్ నమస్కరించి రాసేది ఏమంటే,

మా వీధి వాసన గురించి ఈ అర్జీ. ఇక్కడి తోళ్ల కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. సున్నం తొట్ల కంపు, తుమ్మచెక్క కంపు, ఏటిలో తేలే కొవ్వు కంపు కలిసి పిలవని చుట్టాల్లా మా ఇళ్లలో తిష్ఠ వేసేవి. మా పేట పేరు చెబితే రైల్లో పక్కవాళ్లు లేచి వేరే చోట కూర్చునేవారు. కార్ఖానా మూతపడింది, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి, కంపు పోయింది. ఇప్పుడు వీధంతా కాఫీ వాసన.

నా భార్య నోలాకు రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. యాభై ఒక్క ఏళ్లు కాపురం చేసిన ఇంట్లోనే ఉంటూ, రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, "నన్ను మా ఇంట్లో దిగబెట్టు బాబూ, మా ఆయన షిఫ్టు దిగే వేళయింది" అంటుంది. ఆ బాబును నేనే. ఇదే మన ఇల్లంటే, గాలి పీల్చి చూసి, కాదంటుంది. ఆ పాత కంపు ఎక్కడైనా మిగిలి ఉంటే చెప్పగలరు.

ఇట్లు,
మెర్వ్ డగ్గన్

తా.క.: కొంచెం చాలు. ఊరందరినీ ఇబ్బంది పెట్టాలని లేదు.

మే 12

ఆర్యా,

వాసనపై తమరి ఫిర్యాదు అందినది. తమరికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. సదరు కంపును పది పనిదినాలలో నిర్మూలించగలము.

థెరీసా జమ్మిత్,
దుర్గంధ నివారణ విభాగం

తా.క.: ఈలోగా కంపు దానంతటదే పోయినచో తెలియజేయగలరు.

మే 25

జమ్మిత్ గారికి,

పోయిందనే కదమ్మా నా మొర. మీ మనిషి ఒక పెట్టె పట్టుకుని వచ్చి, వీధి పొడుగునా వాసన చూసుకుంటూ నడిచి, "ఏమీ లేదు, అదృష్టవంతులు" అన్నాడు. ఉత్త చేతులతో పోవడం ఇష్టంలేక ఎదురింటి కాఫీ కొట్టుకు నోటీసిచ్చి వెళ్లాడు. ఆ కొట్టాయన నాతో మాటలు మానేశాడు.

మీవల్ల అయ్యే పని కాదని నేనే పూనుకున్నాను. మాంసం కొట్టు నుంచి గొర్రెతోలు తెచ్చి, బట్టలుతికే తొట్టిలో సున్నం కలిపి నానబెట్టాను. నాలుగో రోజున నోలా తొంగిచూసి, "నీ గొర్రె చచ్చిపోయింది బాబూ, ఊరుకో" అని నా వీపు నిమిరింది.

మెర్వ్ డగ్గన్

తా.క.: పక్కింటివాళ్లు మీకు ఫోన్ చేస్తారు. అది నా గురించే.

జూన్ 4

ఆర్యా,

తొమ్మిదో నంబరు ఇంటి కంపుపై పదకొండు ఫిర్యాదులు వచ్చినవి. ఆ వీధి నుంచి అందరికంటే ముందు ఫిర్యాదు చేసినందుకు తమరిని అభినందిస్తున్నాము. ఆ ఇల్లు తమరిదే కనుక నోటీసు జతపరచడమైనది.

థెరీసా జమ్మిత్

తా.క.: ఇది నా చేత్తో రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరం ఇవాళే పూర్తిగా చదివాను. మా ఫారంలో వాసన ఎంత ఉందో రాసే గడులే ఉన్నాయి, లేదని రాసే గడి లేదు. నన్ను క్షమించండి. మా తాత మాల్టా నుంచి ఓడ దిగి నేరుగా మీ కార్ఖానాలోనే చేరాడు.

జూన్ 9

అమ్మా థెరీసా,

తోలు పాతిపెట్టాను. మీ తాత సాల్వు జమ్మిత్ కదూ? నా పక్క తొట్టి అతనిదే. మధ్యాహ్నం తన రొట్టెలో సగం తుంచి నాకిచ్చేవాడు.

నిన్న నోలా గేటు దాటి రైల్వేస్టేషన్ దాకా వెళ్లిపోయింది. మనిషి దొరికేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఇక తలుపుకు తాళం వేయమంటున్నాడు డాక్టరు. ఇంటికి వెళ్లాలని ఏడ్చే మనిషిని ఆ ఇంట్లోనే పెట్టి తాళం వేయడానికి నాకు చేతులు రావడం లేదు.

మెర్వ్

తా.క.: స్టేషన్‌లో టికెట్ ఇచ్చే అమ్మాయితో, "మా ఆయన మంచివాడే, ఈ ముసలాయనే ఎవరో, నన్ను వదలడు" అని చెప్పిందట.

జూన్ 15

మెర్వ్ గారూ,

ఈ ఉత్తరం చదివి చింపేయండి. మీ కార్ఖానా స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్ల కింద కార్లు పెట్టే సెల్లార్ ఉంది. వాన పడితే చాలు, దాని నేలలోంచి కంపు పైకొస్తుంది. అక్కడివాళ్లు మూడేళ్లుగా గోల పెడుతున్నారు. దాన్ని ఊడ్చిపారేయడానికి రాత్రింబవళ్లు ఫ్యాన్లు తిప్పిస్తున్నాం. శుక్రవారం వాన ఉందంటున్నారు. మధ్యాహ్నం రెండింటికి మీరిద్దరూ రండి. గంటసేపు ఫ్యాన్లు ఆపిస్తాను.

థెరీసా

తా.క.: మంచి బట్టలు వేసుకోకండి. మూడు ఉతుకులకు గానీ వదలదు.

జూన్ 19

థెరీసా తల్లికి,

నోలాను చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. నేలంతా చెమ్మ. నాలుగడుగులు వేశామో లేదో నా కాళ్లు ఆగిపోయాయి. అదే కంపు, వీసమెత్తు తేడా లేదు. నోలా గాలి పీల్చింది. నిదానంగా కోటు గుండీలు విప్పుకుంది. నావైపు తేరిపార చూసి, "ఇంత ఆలస్యమేంటి మెర్వ్?" అంది.

ఆ నోట నా పేరు విని రెండేళ్లయింది. కార్ల మధ్య నిలబడి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అరగంటసేపు మేమిద్దరం మా ఇంట్లో ఉన్నాం.

ఆ తర్వాత ముక్కు మూసుకుని, "ఈ కంపు గురించి కౌన్సిల్‌కి రాయమని పెళ్లయిన నాటినుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. ఇవాళైనా రాస్తావా, రాయవా?" అని నిలదీసింది.

రాస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాను. కాబట్టి ఈ ఉత్తరాన్ని కంపుపై ఫిర్యాదుగా నమోదు చేసుకోగలరు.

ఇట్లు,
నోలా మొగుడు మెర్వ్

తా.క.: దయచేసి ఏ చర్యా తీసుకోవద్దు.